ఐకాన్ వెనక దాగిన లైను: అప్లికేషన్‌కి ఇచ్చిన ఆప్షన్‌ని నిజంగా చదివేది ఎవరు?

లైనక్స్ డెస్క్‌టాప్‌లో ఫైర్‌ఫాక్స్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేస్తే, కొత్త ప్రైవేటు విండో తెరవమనే వరుస ఒకటి కనిపిస్తుంది. దాన్ని నొక్కినప్పుడు తెర వెనక జరిగేది చాలా చిన్న పని. ఫైర్‌ఫాక్స్ పేరు, ఆ పక్కనే --ప్రైవేట్-విండో అనే ముక్క, రెండూ కలిపి ఒక లైనుగా సిస్టమ్ నడుపుతుంది. ఆ లైనుని మనం టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే విండోలో, చేత్తో కొట్టినా అదే విండో వస్తుంది.

మౌస్‌తో నడిచే అప్లికేషన్లకు టెర్మినల్‌తో పనేంటి అని ఇన్నాళ్లూ పట్టించుకోనివాళ్లకి కూడా ఈ మధ్య ఈ ఆప్షన్లు ఎదురవుతున్నాయి. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. కొత్త ల్యాప్‌టాప్ కొనలేక, ఉన్నది పారేయలేక లైనక్స్ వేసుకున్నవాళ్లు ఉన్నారు. అదే నెలలో వచ్చిన ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) 25.10లో గ్నోమ్ డెస్క్‌టాప్ వేలాండ్ మీద మాత్రమే నడుస్తుంది, పాత ఎక్స్11 సెషన్ అందులో లేదు. వేలాండ్, ఎక్స్11 రెండూ విండోలని తెర మీద చూపించే పద్ధతులు. ఎప్పటిదో పాత చిట్కా చూసి విండోని తెర మూలకి పంపుదామని లైను కొడితే, విండో తెరుచుకుంటుంది గానీ మూలకి వెళ్లదు. ఎర్రర్ కూడా రాదు. మనమే ఏదో తప్పు చేశామనుకుని మళ్లీ మళ్లీ కొడతాం.

ఒక ఆప్షన్ ఒక అప్లికేషన్‌లో పనిచేసి పక్కదాంట్లో ఎందుకు చేయదు? నిన్న చేసింది ఇవాళ ఎందుకు మానేసింది? ఇలాంటి ప్రశ్నలకి జవాబు దాదాపు ఎప్పుడూ ఒకే చోట దొరుకుతుంది: ఆ ఆప్షన్‌ని చదవాల్సింది ఎవరు, వాళ్ల దాకా అది చేరిందా?

(ఆప్షన్ల పేర్లన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే రాశాను. కీబోర్డు మీద వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలని వేరే చెప్పక్కర్లేదు.)

ఒక లైనులో ఏమేం ఉంటాయి

ఈ లైను చూడండి:

సాఫీస్ --హెడ్‌లెస్ --కన్వర్ట్-టు పీడీఎఫ్ నివేదిక.ఓడీటీ

మొదటి మాట ప్రోగ్రామ్ పేరు. సాఫీస్ అంటే లిబ్రేఆఫీస్‌ని (డాక్యుమెంట్లు రాసుకునే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్) మొదలుపెట్టే ప్రోగ్రామ్. తర్వాత ఖాళీలతో విడివిడిగా ఉన్న ప్రతి ముక్కా ఒక ఆర్గ్యుమెంట్. వాటిలో గీతతో మొదలయ్యేవి ఆప్షన్లు. వీటినే కొందరు ఫ్లాగ్ అంటారు, విండోస్ వాళ్లు స్విచ్ అంటారు, మూడూ ఒకటే. --హెడ్‌లెస్ ఒంటరిగా వచ్చింది. అది ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. --కన్వర్ట్-టు కి మాత్రం వెనకే ఒక విలువ కావాలి, ఇక్కడ ఆ విలువ పీడీఎఫ్. చివర మిగిలింది ఫైలు పేరు.

గీతతో మొదలయ్యేదంతా ఆప్షనే అయితే, ఫైలు పేరే గీతతో మొదలైతే ఏమవుతుంది? ‘-లెక్కలు’ అని ఒక ఫైలుందనుకోండి. ప్రోగ్రామ్ దాన్ని తనకి తెలియని ఆప్షన్ అనుకుని గొడవపెడుతుంది. అందుకే యూనిక్స్ (లైనక్స్ అనుసరించే పాత సిస్టమ్) సంప్రదాయంలో ఉత్త రెండు గీతలు (--) రాస్తే ‘ఆప్షన్లు అయిపోయాయి, ఇక వచ్చేవన్నీ పేర్లే’ అని అర్థం.

చీటీ ఎన్ని చేతులు మారుతుంది

కిరాణా కొట్టుకి చీటీ రాసి పంపామనుకోండి. పట్టుకెళ్లిన కుర్రాడు ఒకసారి చదువుతాడు, గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన తనకి కావాల్సింది చూసుకుంటాడు, సరుకు కట్టేవాడు మిగతాది చూస్తాడు. మనం కొట్టిన లైను కూడా అలాగే చేతులు మారుతుంది.

మొట్టమొదట చదివేది షెల్, అంటే టెర్మినల్ లోపల కూర్చుని మన టైపింగ్ వినే ప్రోగ్రామ్. లైనక్స్‌లో *.ఓడీటీ అని కొడితే ఆ నక్షత్రాన్ని అప్లికేషన్ చూడనే చూడదు. షెల్ దాన్ని ఆ ఫోల్డర్లో ఉన్న ఫైళ్ల పేర్లుగా మార్చేసి పంపుతుంది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో అలా జరగదు, నక్షత్రం ఉన్నదున్నట్టు ప్రోగ్రామ్ దాకా వెళ్తుంది. ఇంకో తేడా కూడా ఉంది. లైనక్స్‌లో ఆర్గ్యుమెంట్లు విడివిడి ముక్కల జాబితాగా చేరతాయి. విండోస్‌లో మొత్తం ఒకటే పొడుగు తీగగా చేరి, దాన్ని ముక్కలు చేసుకునే పని ప్రోగ్రామ్‌దే అవుతుంది. ఖాళీలున్న ఫైలు పేర్లకీ కోట్ గుర్తులకీ విండోస్‌లో అన్ని తంటాలు రావడానికి ఇదొక కారణం.

రెండో చెయ్యి ఒక్కోసారి మధ్యవర్తిది. అప్లికేషన్ ఫ్లాట్‌పాక్ (లైనక్స్ అప్లికేషన్లని పొట్లం కట్టి ఇచ్చే పద్ధతి) రూపంలో ఉంటే లైను ‘ఫ్లాట్‌పాక్ రన్’ అని మొదలవుతుంది. అప్లికేషన్ పేరుకి ముందున్న ఆప్షన్లు ఫ్లాట్‌పాక్‌వి, పేరు తర్వాత ఉన్నవి అప్లికేషన్‌వి. --ప్రైవేట్-విండో ని పేరుకి ముందు పెడితే ఫ్లాట్‌పాక్ దాన్ని తనకి చెప్పారనుకుని తెల్లమొహం వేస్తుంది.

మూడో చెయ్యి టూల్‌కిట్. బటన్లు, మెనూలు, స్క్రోల్ బార్లు ప్రతి అప్లికేషనూ సొంతంగా గీసుకోదు, ఆ పని చేసిపెట్టే ఉమ్మడి సామగ్రినే టూల్‌కిట్ అంటారు. లైనక్స్‌లో జీటీకే, క్యూటీ అని రెండు పెద్దవి. (రెండోదాన్ని తయారుచేసినవాళ్లు ‘క్యూట్’ అనే పలుకుతారు. మనవాళ్ల నోట మాత్రం క్యూటీ అనే స్థిరపడింది.) టూల్‌కిట్ తన ఆప్షన్లు తీసేసుకున్నాక మిగిలినవి నాలుగో చేతికి, అంటే అప్లికేషన్‌కి అందుతాయి. ఐదో చెయ్యి కూడా ఉంది, అసలు తికమకంతా అక్కడే. దాని సంగతి కాసేపట్లో.

ఒక గీత, రెండు గీతలు, స్లాష్

యూనిక్స్‌లో పాత పద్ధతి ఒక గీత, ఒక అక్షరం. -ఎల్, -ఏ విడిగా రాసినా, కలిపి -ఎల్ఏ అని రాసినా ఒకటే. పూర్తి పేరు రాయాలంటే రెండు గీతలు పెట్టాలన్నది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టు వ్యాప్తిలోకి తెచ్చిన అలవాటు. ప్రతి ప్రోగ్రామూ --హెల్ప్, --వెర్షన్ రెండూ ఒప్పుకోవాలన్నదీ వాళ్ల ప్రమాణాల్లోదే. గ్రాఫికల్ అప్లికేషన్ దేనికైనా ముందుగా ఈ రెండూ ఇచ్చి చూడొచ్చు, చాలావరకు పలుకుతాయి.

మరి -జామెట్రీ, -డిస్‌ప్లే లాంటివి పూర్తి మాటలై ఉండి ఒక గీతతో ఎందుకున్నాయి? అవి వేరే ఇంటి పిల్లలు. ఎమ్ఐటీలో 1984లో మొదలైన ఎక్స్ విండో సిస్టమ్ నుంచి వచ్చినవి. దాని పదకొండో వెర్షన్ 1987లో విడుదలైంది, ఎక్స్11 అంటే అదే. రెండు గీతల అలవాటు అప్పటికి ఇంకా పాతుకుపోలేదు.

విండోస్ స్లాష్ కథ వేరు. 1981 నాటి మొదటి డాస్‌లో (విండోస్‌కి ముందున్న మైక్రోసాఫ్ట్ సిస్టమ్) ఫోల్డర్లే లేవు, ఆప్షన్లకి స్లాష్ వాడేవారు. 1983లో డాస్ 2.0తో ఫోల్డర్లు వచ్చాక, దారి రాయడానికి యూనిక్స్‌లాగా స్లాష్ వాడదామంటే ఆ సీటు అప్పటికే నిండిపోయింది. అందుకే వెనక్కి వాలిన స్లాష్ వచ్చింది. నోట్‌ప్యాడ్‌కి /పీ ఇస్తే ఫైలుని ప్రింట్‌కి పంపడం, వర్డ్‌కి /సేఫ్ ఇస్తే యాడ్-ఇన్‌లు లేకుండా తెరుచుకోవడం, ఎక్స్‌ప్లోరర్‌కి /సెలెక్ట్ ఇచ్చి కామా పెట్టి ఫైలు పేరిస్తే ఫోల్డర్ తెరిచి ఆ ఫైలునే ఎంచి చూపించడం, ఇవన్నీ ఆ వంశానివే. ఫైర్‌ఫాక్స్ లాంటి సర్దుకుపోయే అప్లికేషన్లు ఒక గీతనీ రెండు గీతలనీ ఒకేలా తీసుకుంటాయి.

ఈ మూడు వంశాలూ ఇవాళ ఒకే డెస్క్‌టాప్ మీద కలిసి కాపురం చేస్తున్నాయి. -వీ అంటే ఒకదాంట్లో వెర్షన్, ఇంకోదాంట్లో ‘జరిగేదంతా వివరంగా చెప్పు’ అని.

-జామెట్రీ: ఒక ఆప్షన్ పుట్టుక, వైభోగం, వృద్ధాప్యం

ఎక్స్ కాలం ఆప్షన్లలో ఎక్కువగా వినిపించేది ఇదే. దీని విలువ చూడటానికి లెక్కల పరీక్షలా ఉంటుంది:

ఎక్స్‌క్లాక్ -జామెట్రీ 200×200-0+0

మధ్యలో ఉన్న గుర్తుని కీబోర్డు మీద చిన్న ఎక్స్ అక్షరంగా కొడతారు. మొదటి రెండు అంకెలు వెడల్పు, ఎత్తు. తర్వాతి రెండూ తెర మీద చోటు. ప్లస్ అంటే ఎడమ అంచు నుంచి లేదా పై అంచు నుంచి, మైనస్ అంటే కుడి అంచు నుంచి లేదా కింది అంచు నుంచి కొలవమని. కాబట్టి -0+0 అంటే కుడి అంచుకీ పై అంచుకీ ఆనుకుని ఉండమని, గడియారం పైన కుడి మూలన కూర్చుంటుంది. +0-0 అయితే కింద ఎడమ మూల. మైనస్ సున్నాకీ ప్లస్ సున్నాకీ తేడా ఉండే చోటు ఇదొకటి, బళ్లో మాస్టారు ఒప్పుకోకపోయినా సరే.

ఇందులో ఇంకో మెలిక. గడియారానికి 200 అంటే 200 పిక్సెళ్లు. అదే ఎక్స్‌టెర్మ్‌కి 80×24 ఇస్తే 80 అక్షరాల వెడల్పు, 24 వరుసల ఎత్తు. టెర్మినల్ కదా, అది అక్షరాల్లోనే కొలుచుకుంటుంది. ఒకే ఆప్షన్, ఒకే రూపం, కొలమానం మాత్రం చదివేవాణ్ని బట్టి మారిపోయింది.

దీనికి తోడుగా పుట్టినవి ఇంకా ఉన్నాయి: అక్షరాల రంగుకి -ఎఫ్‌జీ, వెనక రంగుకి -బీజీ, ఫాంట్‌కి -ఎఫ్ఎన్, శీర్షికకి -టైటిల్, చిన్న ఐకాన్‌గా మొదలవ్వమనడానికి -ఐకానిక్. అన్నిటికన్నా విచిత్రమైంది -డిస్‌ప్లే. ప్రోగ్రామ్ ఒక కంప్యూటర్లో నడుస్తూ విండో ఇంకో కంప్యూటర్ తెర మీద కనిపించేలా చేయడం దీని పని. ఎక్స్ భాషలో తెర ఉన్న మన బల్ల మీది కంప్యూటరే సర్వర్, దూరంగా ఉన్న పెద్ద మెషీన్లో నడిచే ప్రోగ్రామ్ క్లయింట్. తలకిందులుగా ఉంది కదా, కొత్తవాళ్లంతా ఇక్కడ ఒకసారి తడబడాల్సిందే. ఈనాటి ఎక్స్ సర్వర్లు నెట్‌వర్క్ తలుపు మామూలుగా మూసే ఉంచుతాయి కాబట్టి, ఈ పని ఇప్పుడు ఎక్కువగా ఎస్ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌తో భద్రంగా కలిపే పద్ధతి) సొరంగం గుండా జరుగుతోంది.

ఇక వేలాండ్ సంగతి. క్రిస్టియన్ హోగ్స్‌బెర్గ్ 2008లో మొదలుపెట్టిన ఈ పద్ధతిలో, మామూలు అప్లికేషన్ విండోకి తను తెర మీద ఎక్కడుందో కూడా తెలియదు. ఎంత పెద్దగా ఉండాలో అడగొచ్చు, ఎక్కడ ఉండాలో అడగలేదు. చోటు నిర్ణయించేది కంపోజిటర్, అంటే విండోలన్నిటినీ తెర మీద పేర్చే ప్రోగ్రామ్. గ్నోమ్ టెర్మినల్‌కి --జామెట్రీ=80×24+0+0 ఇస్తే వేలాండ్‌లో సైజు వరకే చెల్లుతుంది, చోటు గాలికి పోతుంది. ఆప్షన్‌ని చదివినవాడు చదివాడు, కానీ అమలుచేసే అధికారం అతని దగ్గర లేదు. పాత ఎక్స్ అప్లికేషన్లు ఎక్స్‌వేలాండ్ అనే దుబాసీ ద్వారా నడుస్తాయి. అవి చోటు అడిగితే కంపోజిటర్ ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు.

ఇది వెనకడుగా, ముందడుగా అన్న వాదన ఏళ్లుగా నడుస్తోంది. వేలాండ్ వైపు వాళ్ల మాట ఇది: విండోలు ఎక్కడపడితే అక్కడ వచ్చి కూర్చోగలిగితే పాస్‌వర్డ్ పెట్టె మీద సరిగ్గా అలాంటి దొంగ పెట్టెనే పరచొచ్చు. పైగా రెండు మూడు మానిటర్లు, ఒక్కోదానికి ఒక్కో స్కేలింగ్ ఉన్నప్పుడు అప్లికేషన్ వేసుకున్న లెక్క ఎలాగూ తప్పుతుంది, అన్నీ చూడగలిగే కంపోజిటర్‌కే ఆ పని వదిలేయడం మేలు. అవతలివాళ్ల మాట కూడా కొట్టిపారేయదగ్గది కాదు. కంట్రోల్ రూముల్లో, ల్యాబుల్లో ఫలానా గ్రాఫ్ ఫలానా మూలనే ఉండాలి. ఒకే అప్లికేషన్ నాలుగైదు విండోలు తెరిస్తే, నిన్న ఎలా సర్దుకున్నామో ఇవాళ అలాగే రావాలి. దీనికోసం వేలాండ్‌లో ప్రతిపాదనలు వచ్చాయి, వాటి మీద చర్చలూ సుదీర్ఘంగా సాగాయి. నా మటుకు నాకు భద్రత వాదన బలంగానే కనిపిస్తుంది. కానీ ఆప్షన్ ఇచ్చినప్పుడు కనీసం ‘ఇది కుదరదు’ అని ఒక వరుస రాయకుండా మౌనంగా మింగేయడం మాత్రం నచ్చదు.

టూల్‌కిట్ వాటా: క్యూటీ ఉంచుకుంది, జీటీకే వదిలేసింది

క్యూటీతో చేసిన అప్లికేషన్లలో చాలావాటికి -స్టైల్ ఫ్యూజన్ ఇస్తే బటన్ల వేషం మారుతుంది. -ప్లాట్‌ఫామ్ ఎక్స్‌సీబీ ఇస్తే పాత ఎక్స్ దారిలో నడుస్తుంది. ఆ అప్లికేషన్ రాసినవాళ్లు ఈ ఆప్షన్ల కోసం ఒక్క లైను కూడా రాసి ఉండరు. క్యూటీయే చీటీలోంచి తనవి ఏరుకుని, వాటిని కొట్టేసి, మిగతాది అప్లికేషన్‌కి ఇస్తుంది.

జీటీకే 3 వరకు అక్కడా ఇదే ఏర్పాటు. --హెల్ప్-జీటీకే అని అడిగితే టూల్‌కిట్ తన ఆప్షన్ల జాబితా చెప్పేది. 2020 డిసెంబర్లో వచ్చిన జీటీకే 4లో ఆ ఏర్పాటు మొత్తం తీసేశారు. అందులో టూల్‌కిట్ లైనుని అసలు చూడదు. ఏదైనా చెప్పాలంటే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, అంటే ప్రోగ్రామ్ మొదలయ్యేముందే దాని చుట్టూ రాసిపెట్టే విలువల ద్వారా చెప్పాలి.

అప్లికేషన్ చీటీలో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు, పేర్లు ఢీకొంటాయి, పైగా ఈ ఆప్షన్లలో చాలావరకు లోపాలు వెతికేవాళ్లకి తప్ప ఎవరికీ అక్కర్లేదు అన్నది తీసేయడానికి అనుకూలంగా చెప్పే మాట. ఉంచాలనేవాళ్లు, అన్ని అప్లికేషన్లకీ ఒకే ఆప్షన్ పనిచేసే సుఖం పోయిందంటారు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ --హెల్ప్‌లో కనిపించదు. ఒకసారి పెడితే ఆ ప్రోగ్రామ్ పుట్టించే పిల్ల ప్రోగ్రామ్‌లన్నిటికీ వారసత్వంగా వెళ్తుంది, కావాలనుకున్నా వద్దనుకున్నా.

అప్లికేషన్ అప్పటికే తెరిచి ఉంటే: ఐదో చెయ్యి

ఒకసారి ఓ బ్రౌజర్‌ని ప్రాక్సీ (ఇంటర్నెట్‌కీ మనకీ మధ్య ఉండే సర్వర్) గుండా నడపాలని --ప్రాక్సీ-సర్వర్ ఆప్షన్ పెట్టి గంటసేపు కుస్తీ పట్టాను. అడ్రస్ సరిచూశాను, పోర్టు సరిచూశాను, స్పెల్లింగ్ సరిచూశాను. విండో వస్తోంది, ప్రాక్సీ మాత్రం లేదు. చివరికి తేలిందేంటంటే, వెనక ఇంకో విండోలో అదే బ్రౌజర్ ముందునుంచీ తెరిచే ఉంది.

ఇక్కడే ఐదో చెయ్యి వస్తుంది. ఈనాటి పెద్ద అప్లికేషన్లలో చాలావాటికి ‘ఒకే ప్రతి’ నియమం ఉంటుంది. రెండోసారి మొదలుపెడితే కొత్త ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) లేస్తుంది, మొదటిది నడుస్తోందా అని చూస్తుంది, నడుస్తుంటే చీటీ దానికిచ్చి తను వెళ్లిపోతుంది. జీటీకే అప్లికేషన్లు ఈ కబురు డీ-బస్ అనే సందేశాల దారి ద్వారా పంపుకుంటాయి. బ్రౌజర్లకి సొంత ఏర్పాట్లున్నాయి.

కబురు అందుకున్న మొదటి ప్రతి ఏం చేయగలదు? ఆప్షన్లు రెండు రకాలుగా విడిపోయేది ఇక్కడే. కొన్ని కొత్త విండోకి సంబంధించినవి. క్రోమ్‌కి --ఇన్‌కాగ్నిటో, ఫైర్‌ఫాక్స్‌కి --న్యూ-ట్యాబ్ లాంటివి. నడుస్తున్న ప్రతి వాటిని హాయిగా అమలుచేస్తుంది. ఇంకొన్ని ప్రాసెస్ పుట్టుకకి సంబంధించినవి: ప్రాక్సీ, గ్రాఫిక్స్ దారి, స్కేలింగ్. అవి ప్రాసెస్ మొదలైనప్పుడే తేలిపోతాయి, మధ్యలో మార్చడం కుదరదు. కాబట్టి అవి నిశ్శబ్దంగా రాలిపోతాయి. విండోస్‌లో ఇంకో చిక్కు కూడా ఉంది. విండోలన్నీ మూసినా క్రోమ్ బ్యాక్‌గ్రౌండ్‌లో ఉండిపోయేలా సెట్టింగ్ ఉండొచ్చు. మూసేశామని మనం అనుకుంటాం, అది అనుకోదు.

క్రోమ్‌లో --యూజర్-డేటా-డిర్ తో వేరే ఫోల్డర్ ఇవ్వడం, ఫైర్‌ఫాక్స్‌లో -పీ తో వేరే ప్రొఫైల్, దాంతోపాటు --న్యూ-ఇన్‌స్టెన్స్ ఇవ్వడం ఎందుకు పనిచేస్తాయో ఇప్పుడు తెలుస్తుంది. ‘ఒకే ప్రతి’ నియమం ఒక్కో ప్రొఫైల్‌కి విడిగా ఉంటుంది. కొత్త ప్రొఫైల్ అంటే కొత్త ఇల్లు, కబురు పంపడానికి అక్కడ పాత కాపురస్తులు ఎవరూ లేరు. లిబ్రేఆఫీస్‌లోనూ ఇలాంటిదే -ఎన్వ్:యూజర్‌ఇన్‌స్టలేషన్ అని ఉంది. గీత ఒకటే, మధ్యలో కోలన్, ఏ వంశానికీ చెందని రూపం.

ఈ చేతులు మారడం వల్ల పుట్టిన చిత్రమైన ఆప్షన్ ప్రోగ్రామర్లు వాడే ఎడిటర్ వీఎస్ కోడ్‌లోని --వెయిట్. కోడ్ మార్పులని నమోదు చేసే గిట్‌లో కమిట్ సందేశం (ఆ మార్పు గురించి రాసే మాట) రాయడానికి వీఎస్ కోడ్‌ని ఎడిటర్‌గా పెట్టుకున్నారనుకోండి. గిట్ ఎడిటర్‌ని లేపి, ఆ ప్రోగ్రామ్ ముగిసేదాకా ఆగి, తర్వాత ఫైలు చదువుతుంది. కానీ ‘కోడ్’ అనే కమాండ్ విండోకి కబురు ఇచ్చేసి క్షణంలో వెళ్లిపోతుంది. గిట్ దృష్టిలో ఎడిటింగ్ అయిపోయింది. మనం ఒక్క అక్షరం రాయకముందే ఫైలు తెరిచి చూసి, సందేశం ఖాళీగా ఉందని కమిట్ రద్దు చేస్తుంది. --వెయిట్ పెడితే, కబురు ఇచ్చిన ప్రాసెస్ ఆ ట్యాబ్ మూసేదాకా గుమ్మం దగ్గరే నిలబడుతుంది.

విండో లేని విండో ప్రోగ్రామ్

--హెడ్‌లెస్ అంటే తెర మీద ఏమీ చూపించకుండా పనిచేయమని. క్రోమ్‌కి ఇది 2017లో వెర్షన్ 59తో వచ్చింది, ఫైర్‌ఫాక్స్‌కీ అదే ఏడాది. వెబ్‌సైట్ల పరీక్షలకీ, పేజీ ఫొటో తీసి పెట్టడానికీ ఎక్కువగా వాడతారు. లిబ్రేఆఫీస్‌లో దీని ఉపయోగం ఇంకా మామూలు మనుషులది. ఒక ఫోల్డర్లో నలభై తెలుగు డాక్యుమెంట్లు ఉన్నాయి, అన్నీ పీడీఎఫ్ కావాలి. ఒక్కోటి తెరిచి, ఎక్స్‌పోర్ట్ నొక్కి, పేరు ఇచ్చి, మూసే బదులు:

సాఫీస్ --హెడ్‌లెస్ --కన్వర్ట్-టు పీడీఎఫ్ --అవుట్‌డిర్ పీడీఎఫ్‌లు *.ఓడీటీ

చీటీలో ఎవరి వాటా ఏదో చూడండి. నక్షత్రం షెల్‌ది, మిగతావన్నీ లిబ్రేఆఫీస్‌వి. నిజానికి --కన్వర్ట్-టు ఉంటే హెడ్‌లెస్ దానంతట అదే అమల్లోకి వస్తుంది, రాయడం అలవాటు కొద్దీ. తెలుగు ఫైళ్లకి మాత్రం ఏ ఆప్షనూ తీర్చలేని సమస్య ఒకటుంది. డాక్యుమెంట్ పోతన ఫాంట్‌లోనో గౌతమిలోనో ఉండి, మార్పిడి జరిగే కంప్యూటర్లో ఆ ఫాంట్ లేకపోతే, దాని బదులు వేరేది వచ్చి కూర్చుంటుంది, పేజీలు అటూఇటూ జరుగుతాయి. యూనికోడ్‌కి ముందు కాలం అను ఫాంట్లతో టైప్ చేసిన ఫైళ్లయితే అసలు తెలుగే కనిపించదు, అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు వస్తాయి. ఎర్రర్ ఏమీ ఉండదు, నలభై పీడీఎఫ్‌లూ నిక్షేపంగా తయారవుతాయి.

తెలుగులో తెరవమని చెప్పేది ఆప్షన్ కాదు

లైనక్స్‌లో ఒక్క అప్లికేషన్‌ని మాత్రం తెలుగు మెనూలతో తెరవాలంటే ఇలా రాస్తారు:

లాంగ్వేజ్=టీఈ గ్నోమ్-క్యాలిక్యులేటర్

మొదటి మాట ప్రోగ్రామ్ పేరుకి ముందుంది, గీత లేదు, మధ్యలో సమాన గుర్తు ఉంది. ఇది ఆప్షన్ కాదు, ఇందాక చెప్పుకున్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. దాని పేరు ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో ఉంటుంది, టీఈ అన్నది తెలుగు కోడ్. షెల్ దాన్ని చీటీలో రాయదు, అప్లికేషన్ పుట్టే గది గోడ మీద రాసిపెడుతుంది. అనువాదాలు వెతికే లైబ్రరీ ఆ గోడ చూసి తెలుగు ఎంచుకుంటుంది. తెలుగు భాషా ప్యాక్ ఉండాలి, సిస్టమ్ లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగ్) ‘సీ’ అనే ఉత్త లొకేల్ కాకుండా ఉండాలి. స్వేచ్ఛ లాంటి స్వచ్ఛంద బృందాలు, విడిగా పనిచేసిన అనువాదకులు పెట్టిన శ్రమ ఈ ఒక్క మాటతో తెర మీదికి వస్తుంది. ఎక్కడైనా మధ్యలో ఇంగ్లిష్ వరుసలు కనిపిస్తే, అక్కడ అనువాదం ఇంకా కాలేదని అర్థం.

లైను ఐకాన్‌లోకి ఎలా ఎక్కుతుంది

లైనక్స్‌లో మెనూలోని ప్రతి అప్లికేషన్ వెనకా డెస్క్‌టాప్ ఫైలు అనే చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటుంది. అందులో ఎగ్జెక్ అని మొదలయ్యే వరుసే మన లైను. చివర %తో ఒక అక్షరం ఉంటుంది: చిన్న ఎఫ్ అయితే ఒక ఫైలు పేరు వచ్చే చోటు, పెద్ద ఎఫ్ అయితే చాలా ఫైళ్లు, యు అయితే వెబ్ అడ్రస్. ఫైలు మీద రెండుసార్లు నొక్కినప్పుడు ఆ చోట ఫైలు పేరు పడుతుంది. మొదట్లో చెప్పిన రైట్ క్లిక్ వరుస కూడా ఇదే ఫైలులో ఇంకో ఎగ్జెక్. సిస్టమ్ ఫైలుని నేరుగా మారిస్తే తర్వాతి అప్‌డేట్‌లో కొట్టుకుపోతుంది. హోమ్ ఫోల్డర్లో పెట్టుకున్న నకలుకే సిస్టమ్ ముందు విలువ ఇస్తుంది.

విండోస్‌లో షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లోని టార్గెట్ పెట్టె ఇదే పని చేస్తుంది. మ్యాక్‌లో ఓపెన్ -ఏ తర్వాత అప్లికేషన్ పేరు, ఆపైన --ఆర్గ్స్, ఆ తర్వాత ఆప్షన్లు. అప్లికేషన్ అప్పటికే నడుస్తుంటే ఆ ఆప్షన్లు దానికి చేరవు. -ఎన్ తో కొత్త ప్రతి అడిగితే చేరతాయి.

అదే పెట్టెలో దొంగలు రాసేవి

మనం రాయగలిగిన చోట ఇంకొకరూ రాయగలరు. బ్రౌజర్ షార్ట్‌కట్ టార్గెట్ చివర తమ వెబ్ అడ్రస్ తగిలించడం బలవంతంగా ప్రకటనలు చూపించే యాడ్‌వేర్ల పాత విద్య. సెట్టింగుల్లో హోమ్ పేజీ ఎన్నిసార్లు మార్చినా ఆ పేజీయే వస్తుంటే, సెట్టింగుల తప్పు కాదు, చీటీలో ఎవరో ఒక వరుస చేర్చారన్నమాట.

కొన్ని ఆప్షన్లు మనమే తెచ్చిపెట్టుకునే ముప్పు. --డిసేబుల్-వెబ్-సెక్యూరిటీ ఒక సైటు ఇంకో సైటు సమాచారం చదవకుండా ఉన్న గోడ తీసేస్తుంది. --నో-శాండ్‌బాక్స్ పేజీలని బంధించి ఉంచే పెట్టె తీసేస్తుంది. లైనక్స్‌లో రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) నడిపితే ఈ రెండోది లేకుండా క్రోమ్ మొదలే కాదు కాబట్టి కంటైనర్లలో (మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసి ప్రోగ్రామ్‌లు నడిపే ఏర్పాట్లలో) పనిచేసే డెవలపర్లు దీన్ని వాడక తప్పడం లేదంటారు. అక్కడి నుంచి అది మామూలు డెస్క్‌టాప్‌ల చిట్కాల్లోకి పాకింది. ఆ ఆప్షన్‌తో తెరిస్తే క్రోమ్ పైన హెచ్చరిక పట్టీ చూపిస్తుంది.

2025లో వచ్చిన క్రోమ్ 136 ఇంకో అడుగు వేసింది. --రిమోట్-డీబగ్గింగ్-పోర్ట్ తో బ్రౌజర్‌ని బయటినుంచి నడిపించొచ్చు, డెవలపర్లకి చాలా అవసరం. అదే దారిలో మాల్‌వేర్లు లాగిన్ కుకీలు కాజేయడం మొదలుపెట్టాయి. ఇప్పుడు మామూలు ప్రొఫైల్ మీద ఆ ఆప్షన్ ఇస్తే క్రోమ్ పట్టించుకోదు, --యూజర్-డేటా-డిర్ తో వేరే ఫోల్డర్ ఇస్తేనే వింటుంది. రోజూ వాడే ప్రొఫైల్‌తోనే ఆటోమేషన్ నడుపుకునేవాళ్ల స్క్రిప్టులు దీంతో ఆగిపోయాయి. వాళ్ల విసుగూ న్యాయమే, గూగుల్ భయమూ న్యాయమే.

ఇంతకీ మీ క్రోమ్ ఇప్పుడు ఏ ఆప్షన్లతో నడుస్తోందో చూడాలంటే టెర్మినల్ అక్కర్లేదు. అడ్రస్ బార్‌లో క్రోమ్ అని కొట్టి, కోలన్, రెండు స్లాష్‌లు, వెర్షన్ అని చేర్చండి. తెరుచుకున్న పేజీలో కమాండ్ లైన్ అని ఒక వరుస ఉంటుంది. ఐకాన్ మీరు నొక్కినప్పుడు నిజంగా నడిచిన లైను అక్కడ ఉంటుంది. మీరు పెట్టని ఆప్షన్లు కూడా అందులో కొన్ని కనిపించొచ్చు.